వేగానికి పటం కట్టిన వృత్తి

మోటారు పందేల ఫొటోగ్రఫీ దాదాపు మోటారు కారుతోపాటే మొదలైంది. 1894 జూలైలో 'ల పెతి జూర్నాల్' అనే ఫ్రెంచి పత్రిక పారిస్ నుంచి రువాన్ పట్టణం దాకా గుర్రం కట్టని బండ్ల పోటీ పెట్టింది. మరుసటి ఏడాది పారిస్ నుంచి బోర్దో వెళ్లి తిరిగి వచ్చే పందెం జరిగింది. దానిలో ఎమిల్ లెవస్సోర్ 48 గంటల 48 నిమిషాల్లో అందరికన్నా ముందు తిరిగి వచ్చాడు. ఫొటోను చుక్కలుగా విడగొట్టి అక్షరాలతోపాటే అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి అప్పుడప్పుడే పత్రికలకు అందుబాటులోకి వస్తోంది. 1898లో మొదలైన 'లా వీ ఓ గ్రాం ఏర్' లాంటి క్రీడా పత్రికలు పేజీల నిండా ఫొటోలు వేసేవి. వాటి కోసం సైకిలు పందేలనూ, బెలూన్లనూ, కార్లనూ తీసే ఫొటోగ్రాఫర్లు తయారయ్యారు. జూల్ బో వారిలో తొలితరం వాడు. 1904లో పారిస్‌లో ఏర్పడిన రోల్ ఏజెన్సీ ఇలాంటి చిత్రాలను పత్రికలకు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకుంది.

ఆ తొలి చిత్రాల్లో వేగం కనిపించేది అరుదు. బయలుదేరే ముందు వరసగా నిలిపిన కార్లు, కళ్లజోళ్లు నుదుటిమీదికి నెట్టుకుని నిలబడ్డ డ్రైవర్లు, దుమ్ముకొట్టుకుపోయిన విజేత, ఇవే ఎక్కువ. కెమెరా బరువైన పెట్టె, లోపల ఉండేది గాజు పలక. ఒక్క చిత్రం తీయగానే పలక మార్చాలి. ఊరి నుంచి ఊరికి సాగే పందెంలో ఒక కారు ఒక చోటు దాటేది ఒక్కసారే, అదీ దుమ్ము మేఘంలో. అక్కడ పొరబడితే మళ్లీ అవకాశం లేదు.

1903 మే నెలలో జరిగిన పారిస్-మాడ్రిడ్ పందెం ఊరి నుంచి ఊరికి సాగే పందేలకు ముగింపు పలికింది. దారి పొడవునా జనం రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డారు. మార్సెల్ రెనో సహా పలువురు డ్రైవర్లూ, చూడవచ్చినవాళ్లూ చనిపోవడంతో ప్రభుత్వం పందేన్ని బోర్దోలోనే ఆపేసింది. ఆ తరువాత పందేలు మూసిన దారుల్లోకి మారాయి. 1906లో లెమాన్ దగ్గర తొలి గ్రాం ప్రి, 1907లో ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ ట్రాక్, 1909లో అమెరికాలో ఇండియానాపోలిస్ ట్రాక్ వచ్చాయి. ఈ మార్పు ఫొటోగ్రాఫరుకు గొప్ప మేలు చేసింది. అదే కారు అదే మలుపుకు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక చుట్టులో తప్పింది మరో చుట్టులో దొరుకుతుంది. ఏ మలుపులో కారు జారుతుంది, వెలుగు ఎటునుంచి పడుతుంది, వెనక ఏం కనిపిస్తుంది అని ముందే లెక్కవేసుకుని చోటు ఎంచుకోవడం పనితనంలో సగమైంది. అక్కడి నుంచి ఈ వృత్తి చరిత్రంతా రెండు సమస్యల చుట్టూ నడిచింది: కదిలేదాన్ని కదలని బొమ్మలో చూపడం ఎలా, ప్రమాదానికి ఎంత దగ్గరగా నిలబడాలి అన్నవి.

షట్టరు తెచ్చిన వంపు

మొదటి సమస్యకు పనిముట్టు ఫోకల్ ప్లేన్ షట్టర్. పలకకు సరిగ్గా ముందు ఒక నల్ల గుడ్డ, దానిలో సన్నని చీలిక ఉంటాయి. చీలిక పైనుంచి కిందికి జారుతుంటే పలక మీద ఒక్కో చోటికి వెలుగు సెకనులో వెయ్యో వంతు దాకా మాత్రమే తగులుతుంది. ఒట్టోమార్ అన్‌షూట్జ్ రూపొందించిన ఇలాంటి షట్టర్లతో జర్మనీలో గోర్జ్ సంస్థ 1890 నుంచి కెమెరాలు తయారు చేసింది. పరుగెత్తే గుర్రాన్నీ, దూకే మనిషినీ ఇవి నిలబెట్టగలిగాయి. అయితే ఒక్కో బిందువుకు తగిలే వెలుగు క్షణికమే అయినా, చీలిక పలకనంతా దాటడానికి మరికొంత సమయం పడుతుంది. ఆలోగా కారు కదిలిపోతుంది కాబట్టి బొమ్మ పైభాగం ఒక క్షణానిది, కిందిభాగం మరో క్షణానిది అవుతుంది.

ఈ లోపం నుంచే మోటారు పందేల ఫొటోల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది పుట్టింది. 1912 జూన్‌లో దియెప్ దగ్గర జరిగిన గ్రాం ప్రిలో ఝాక్-అన్రీ లార్తిగ్ అనే 18 ఏళ్ల కుర్రవాడు దాన్ని తీశాడు. కారుతోపాటు కెమెరాను తిప్పుతూ తీసినా కారు వేగాన్ని పూర్తిగా అందుకోలేకపోయాడు. ఫలితంగా చక్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలింది. కెమెరా తిరగడం వల్ల రోడ్డు పక్కన నిలబడ్డ జనమూ, స్తంభాలూ వెనక్కి వాలాయి. కారు వెనక భాగం మాత్రమే చట్రంలో పడింది. ఆనాటి కొలమానాలతో చూస్తే ఇది చెడిపోయిన చిత్రమే, దశాబ్దాల పాటు అది పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో జాన్ షార్కోవ్‌స్కీ లార్తిగ్ చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. అదే ఏడాది నవంబరులో 'లైఫ్' పత్రిక కూడా ఆయన చిత్రాలను ప్రచురించింది. అప్పటికి లార్తిగ్‌కు 69 ఏళ్లు. ఆ కారును చాలాకాలం దెలాజ్ కంపెనీది అని రాస్తూ వచ్చారు. దాని మీది 6వ నంబరును పందెం రికార్డులతో సరిపోల్చిన తరువాత అది ష్నైడర్ కారు అని పరిశోధకులు తేల్చారు.

ముందుకు వాలిన చక్రం వేగానికి గుర్తుగా కార్టూన్లలోకీ, ప్రకటనల బొమ్మల్లోకీ కూడా చేరింది. కన్ను ఎన్నడూ చూడని ఆకారాన్ని కెమెరా చూపిస్తే, జనం దాన్నే వేగంగా గుర్తించడం నేర్చుకున్నారు.

నీటి మీద

పడవ పందేలను తీసేవాళ్లకు అదనపు చిక్కు ఉంది. కారును తీసేవాడు కనీసం నేల మీద నిలబడతాడు. పడవను తీసేవాడి కాళ్ల కింద కూడా కదలికే. ఈ పని మొదట తెరచాప పడవలతో మొదలైంది. ఇంగ్లండు దక్షిణ తీరంలోని వైట్ ద్వీపంలో కౌజ్ పట్టణం పడవ పందేలకు కేంద్రం. బేకెన్ కుటుంబం 1888లో అక్కడికి వచ్చి మందుల దుకాణం నడిపింది. ఆ ఇంటి కుర్రవాడు ఫ్రాంక్ బేకెన్ చిన్న పడవలో నిలబడి తీయడానికి తగిన కెమెరాను తనే తయారు చేసుకున్నాడు. దానికి రెండు కటకాలు, ఒకటి చూడడానికి, రెండోది తీయడానికి. రెండు చేతులూ పెట్టెను పట్టుకోవడానికే చాలవు కాబట్టి షట్టరుకు గొట్టంతో రబ్బరు బుడ్డి తగిలించి, దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని కొరికేవాడు. అల పైకి లేపిన క్షణంలో పడవ తూగు తగ్గేదాకా చూసి కొరకడమే ఆ పనిలోని నేర్పు. ఆ కుటుంబంలో తరువాతి తరాలూ అదే పని కొనసాగించాయి.

మోటారు పడవల పందేలు 1903లో గట్టిగా మొదలయ్యాయి. పత్రికాధిపతి ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ పెట్టిన అంతర్జాతీయ కప్పుకు ఆ ఏడాది ఐర్లండులోని కార్క్ రేవులో పోటీ జరిగింది. గెలిచిన 'నేపియర్' పడవ సగటు వేగం గంటకు సుమారు 31 కి.మీ. మరుసటి ఏడాది న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది మీద గోల్డ్ కప్ మొదలైంది. 30 ఏళ్లు తిరగకుండానే పడవల వేగం 'నేపియర్' వేగానికి ఆరు రెట్లు దాటింది. డెట్రాయిట్‌కు చెందిన గార్ వుడ్ 1920లో హార్మ్స్‌వర్త్ కప్పును అమెరికాకు తెచ్చాడు. ఆయన 'మిస్ అమెరికా 10' 1932లో గంటకు 200 కి.మీ. మించి నడిచింది. దానిలో నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు ఉండేవి. డెట్రాయిట్ నది ఒడ్డున ఈ పోటీలు చూడడానికి లక్షల్లో జనం చేరేవారు.

అమెరికాలో ఈ రంగానికి పేరు తెచ్చింది మోరిస్ రోజెన్‌ఫెల్డ్. న్యూయార్క్‌లో పత్రికల కోసం రకరకాల పనులు చేస్తూ పడవల వైపు మళ్లిన ఆయన 1929లో ఫొటోగ్రఫీ కోసమే 'ఫోటో' అనే మోటారు పడవను కట్టించుకున్నాడు. ఒడ్డున నిలబడి దూరం నుంచి తీసే పద్ధతికి బదులు పందెపు పడవ పక్కనే, దాని వేగంతో సాగుతూ, నీటికి దగ్గరగా వంగి తీయడానికి ఈ ఏర్పాటు. కొడుకు స్టాన్లీ కూడా అదే వృత్తిలోకి వచ్చాడు. పడవ నడిపే మనిషికీ, తీసే మనిషికీ మధ్య పొత్తు ఇక్కడ చాలా ముఖ్యం. పందెపు పడవ ఎప్పుడు మలుపు తిరుగుతుందో ముందే తెలియాలి. దానికి అడ్డు రాకూడదు, తమ పడవ రేపే అల దాని దారిలో పడకూడదు. వేగపు పడవకు చిన్న అల కూడా ప్రమాదమే. అందుకే అతివేగ పందేల్లో ఫొటోగ్రాఫర్ల పడవలను నిర్ణీత చోట లంగరు వేసి నిలిపే పద్ధతి వచ్చింది.

చేతిలో ఇమిడే కెమెరా

1925లో జర్మనీ నుంచి వచ్చిన లైకా కెమెరా ఈ వృత్తి స్వరూపాన్నే మార్చింది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్టలో 36 చిత్రాలు ఉండేవి. పలక మార్చే పని తప్పింది, కెమెరా జేబులో పట్టింది. కారుతోపాటు మెడనూ, నడుమునూ ఒకే వేగంతో తిప్పుతూ మధ్యలో మీట నొక్కే 'పానింగ్' పద్ధతి ఇలాంటి కెమెరాలతో సులువైంది. పానింగ్‌లో కారు స్పష్టంగా నిలుస్తుంది, వెనక ఉన్న చెట్లూ జనమూ గీతలుగా సాగిపోతాయి. లార్తిగ్ చిత్రంలో అనుకోకుండా వచ్చినదాన్ని ఇప్పుడు కావాలని చేయడం సాధ్యమైంది. షట్టరు వేగం ఎక్కువైతే కారు ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది, మరీ తక్కువైతే కారే చెదిరిపోతుంది. గంటకు 200 కి.మీ. వేగంతో పోయే కారు సెకనులో వెయ్యో వంతులో కూడా అయిదున్నర సెంటీమీటర్లు కదులుతుంది. ఈ లెక్కలు తెలిసి, చేతిని అదుపులో పెట్టగలిగినవాడే నిపుణుడు.

బ్రిటన్‌లో ఆ తరానికి లూయీ క్లెమంటాస్కీ పెద్ద పేరు. 1912లో చైనాలోని హార్బిన్‌లో పుట్టి ఇంగ్లండు చేరిన ఆయన మొదట తానే పందెగాడు కావాలనుకున్నాడు. 1930లలో బ్రూక్‌లాండ్స్‌లో ప్రమాదానికి గురై కెమెరా వైపు మళ్లాడు. కారు ఏ చోట అదుపు తప్పే అంచు దాకా వెళుతుందో నడిపిన అనుభవం వల్ల ఆయనకు తెలుసు. ఆయన చిత్రాల్లో స్టీరింగు పట్టిన చేతులు, మలుపులోకి చూసే కళ్లు ప్రముఖంగా కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన కెమెరా నైపుణ్యం కొత్త ఆయుధాల పరీక్షలను చిత్రించడానికి ఉపయోగపడింది. 1957లో ఇటలీలో జరిగిన మిల్లే మిల్యా పందెంలో పీటర్ కాలిన్స్ నడిపిన ఫెరారీలో దారి చెప్పే సహాయకుడిగా కూర్చుని, ఆ సీటు నుంచే ఫొటోలు తీశాడు. వారి కారు ముందంజలో ఉండగా యంత్రం చెడి ఆగిపోయింది. అదే పందెంలో ఆల్ఫోన్సో దె పోర్తాగో కారు అదుపు తప్పి ఆయనా, సహాయకుడూ, రోడ్డు పక్కనున్న తొమ్మిది మందీ చనిపోయారు. ఇటలీ రోడ్ల మీద ఆ రూపంలో మిల్లే మిల్యా మళ్లీ జరగలేదు. పోటీలో సాగే కారు లోపలి నుంచి ఒక ఫొటోగ్రాఫర్ పందేన్ని చూపే అవకాశం కూడా దానితోనే దాదాపుగా మూసుకుపోయింది.

పందెం నుంచి పందేనికి

1950 మే 13న సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. ఏటా ఒకే వరసలో జరిగే పందేలు రావడంతో వాటి వెంట తిరిగే వృత్తి జీవితం సాధ్యమైంది. ఫ్రాన్సుకు చెందిన బెర్నార్ కాయే, అమెరికా నుంచి యూరప్ వచ్చిన జెస్సీ అలెగ్జాండర్, 1962లో న్యూర్‌బర్గ్‌రింగ్‌లో మొదలుపెట్టిన రైనర్ ష్లెగెల్‌మిల్ష్ ఇలాంటివారు. వీరిలో చాలామందికి నెలజీతం లేదు. పత్రికలకూ, టైర్ల కంపెనీలకూ, నూనె కంపెనీలకూ, డ్రైవర్లకే కూడా ప్రింట్లు అమ్ముకుని తరువాతి పందేనికి దారి ఖర్చు సంపాదించుకునేవారు. ఆదివారం సాయంత్రం ఫిల్మును విమానంలోనో రైల్లోనో పంపడం, లేదా బస చేసిన గదిలోనే రాత్రికి రాత్రి కడిగి ప్రింట్లు వేయడం పనిలో భాగం. డ్రైవర్లు వాళ్లకు దగ్గరి స్నేహితులు. అందుకే ఆ కాలపు చిత్రాల్లో పందెంతోపాటు గరాజులో నిరీక్షణ, భోజనాల బల్ల, డ్రైవర్ల భార్యల ముఖాలు కూడా ఉన్నాయి.

ఆ చనువుకు మరో పక్క ఉంది. 1955 జూన్ 11న లెమాన్ 24 గంటల పందెంలో పియర్ లెవే నడిపిన మెర్సిడెస్ భాగాలు జనం మీదికి ఎగరడంతో 80 మందికి పైగా చనిపోయారు. 1950, 60 దశకాల్లో తాము ఉదయం ఫొటో తీసిన మనిషి సాయంత్రానికి బతికి ఉంటాడన్న నమ్మకం ఫొటోగ్రాఫర్లకు లేదు. గడ్డి మూటల వెనక, రోడ్డుకు ఒకటి రెండు గజాల దూరంలో నిలబడే తమ ప్రాణాలకూ భరోసా లేదు.

ఫొటోకు సాక్ష్యంగా ఎంత విలువ ఉందో ఈ కాలంలోనే రుజువైంది. 1959 ఫిబ్రవరి 22న అమెరికాలో తొలి డేటోనా 500 పందెం ముగింపు గీత దగ్గర మూడు కార్లు పక్కపక్కనే దాటాయి. వాటిలో ఒకటి ఒక చుట్టు వెనకబడినది. గెలుపు జానీ బోషాంప్‌దని అప్పటికప్పుడు ప్రకటించారు. టి. టేలర్ వారెన్ తీసిన చిత్రమూ, ఇతరుల చిత్రాలూ, వార్తాచిత్రాల ఫిల్మూ పరిశీలించి మూడు రోజుల తరువాత లీ పెట్టీని విజేతగా తేల్చారు.

రంగులు, కంచెలు

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ లాంటి కెమెరాలతో పొడవాటి టెలిఫొటో లెన్సులూ, ఫిల్మును దానంతటదే ముందుకు నడిపే మోటార్లూ వాడుకలోకి వచ్చాయి. రంగు ఫిల్ము పత్రికల ముఖచిత్రాలకు తప్పనిసరి అయింది. ష్లెగెల్‌మిల్ష్ తీసేటప్పుడే జూమ్ లెన్సును తిప్పి, కారు చుట్టూ రంగులు కిరణాల్లా విచ్చుకునే చిత్రాలు చేశాడు. 1968లో లోటస్ జట్టు తన కార్లకు గోల్డ్ లీఫ్ సిగరెట్ల రంగులు వేయడంతో ఫొటోలు కొనేవాళ్లే మారిపోయారు. డబ్బు పెట్టిన కంపెనీకి తన పేరు స్పష్టంగా కనిపించే చిత్రం కావాలి. పత్రికకు ఒక్క మంచి బొమ్మ చాలు. కంపెనీకి మాత్రం ప్రతి కారు, ప్రతి వైపు నుంచి కావాలి. ఏజెన్సీల పని దీనివల్లే పెరిగింది.

భద్రత పెరిగేకొద్దీ ఫొటోగ్రాఫర్ వెనక్కి జరిగాడు. ఇనుప రెయిలింగులు, తీగల కంచెలు, కంకర పరచిన మైదానాలు ట్రాక్‌కూ అతనికీ మధ్య వచ్చాయి. అనుమతి పత్రం, గుర్తింపు కోటు ఉంటేనే ఆ కంచెల దగ్గరికి రానిస్తారు. ఎక్కడ నిలబడకూడదో ముందే గీత గీసి ఉంటుంది. 400, 600 మిల్లీమీటర్ల లెన్సులు ఆ దూరాన్ని పూడ్చాయి, కానీ చిత్రాన్నీ మార్చాయి. పొడవాటి లెన్సులో ముందూ వెనకా ఉన్న కార్లు ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న ఊరూ, చెట్టూ కనుమరుగవుతాయి. ఆ తరువాతి చిత్రాల్లో కారు పెద్దదైంది, చోటు చిన్నదైంది.

నీటి మీద కూడా ప్రమాదం వెంటే ఉండేది. 1967 జనవరి 4న ఇంగ్లండులోని కోనిస్టన్ సరస్సు మీద డొనాల్డ్ క్యాంప్‌బెల్ వేగ రికార్డు కోసం నడిపిన 'బ్లూబర్డ్ కె7' గంటకు 480 కి.మీ. మించిన వేగంలో గాలిలోకి లేచి తిరగబడింది, ఆయన చనిపోయాడు. తొలి పరుగు తరువాత నీరు పూర్తిగా సద్దుమణగకుండానే ఆయన తిరుగు పరుగు మొదలుపెట్టాడు. ఒడ్డున ఉన్న కెమెరాలు నమోదు చేసిన దృశ్యాలే ఆ ప్రమాదాన్ని పరిశీలించిన ఇంజనీర్లకు ముఖ్య ఆధారమయ్యాయి.

1981లో మొదలైన ఫార్ములా వన్ పడవల చాంపియన్‌షిప్, నేటి ఎఫ్1హెచ్2ఓ, ఈ ఫొటోగ్రఫీకి స్థిరమైన వేదిక ఇచ్చింది. రెండు అడుగుభాగాల మధ్య సొరంగంలాంటి ఖాళీ ఉండే ఈ పడవలు గాలి ఒత్తిడితో దాదాపు నీటిని వదిలేసి సాగుతాయి. వేగం 200 కి.మీ. దాటుతుంది, బ్రేకులు ఉండవు. ముక్కు కాస్త ఎక్కువ లేస్తే పడవ వెనక్కి బోర్లా పడుతుంది. 1980లలో వరుస మరణాల తరువాత డ్రైవరు చుట్టూ గట్టి రక్షణ గది పెట్టారు. ఫొటోగ్రాఫర్లు తేలే వేదికల నుంచీ, ఒడ్డు నుంచీ, హెలికాప్టర్ నుంచీ తీస్తారు. హెలికాప్టర్ నుంచి చూస్తే తెల్లని నీటి చార పడవ దారినంతా గీసి చూపిస్తుంది, నీటి మట్టం నుంచి చూస్తే పడవ కింద వెలుగు కనిపిస్తుంది. ఎదురు వెలుగులో నీటి తుంపర మెరుస్తుంది, కానీ అదే తుంపర కెమెరాకు శత్రువు. ఉప్పునీరైతే మరీను.

భారతదేశంలో

భారతదేశంలో మోటారు పందేలు ఎక్కువగా మద్రాసు చుట్టూ పెరిగాయి. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. నగరానికి ఉత్తరాన షోళవరంలో యుద్ధకాలపు విమాన రన్‌వే మీద దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ప్రత్యేక ట్రాక్ తయారైంది. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ జరిగింది.

తెలుగు నేల మీద అంతర్జాతీయ పందేలు ఇటీవలివి. 2018 నవంబరులో ఎఫ్1హెచ్2ఓ ఇండియా గ్రాండ్ ప్రి అమరావతి పేరిట విజయవాడ దగ్గర కృష్ణానదిలో జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలోనే తొలి ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) పందెం జరిగింది, జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. సుమారు 2.8 కి.మీ. ఆ దారి నగర వీధులదే కాబట్టి ఇరువైపులా కాంక్రీటు గోడలూ, ఎత్తయిన కంచెలూ కట్టారు. ఇలాంటి వీధి ట్రాకుల్లో ఫొటోగ్రాఫర్ల కోసం కంచెలో అక్కడక్కడ లెన్సు పట్టేంత కిటికీలు వదులుతారు. కిటికీలు కొన్నే, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే అక్కడ చోటు దక్కించుకోవడమే మొదటి పోటీ.

డిజిటల్ కాలం

1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 1999లో నికాన్ డి1, 2001లో కేనన్ ఈఓఎస్-1డి వచ్చాక ఫిల్ము వేగంగా తప్పుకుంది. డి1లో ఉన్నవి 27 లక్షల పిక్సెళ్లే అయినా పత్రిక పేజీకి చాలాయి. 2017లో వచ్చిన సోనీ ఎ9 సెకనుకు 20 చిత్రాలు తీయగలిగింది. చిత్రం దొరకడం సులువైంది, దాన్ని ఎంచుకోవడం కష్టమైంది. ఒకే పందెంలో వేల చిత్రాలు తీసి, నిమిషాల్లో కొన్నిటిని ఏరి, శీర్షిక రాసి పంపాలి. జట్లు సొంత ఫొటోగ్రాఫర్లను పెట్టుకోవడం, చిత్రాలు ఉచితంగా ఇవ్వడం వల్ల స్వతంత్రంగా పనిచేసేవారి రాబడి తగ్గింది. కొత్తగా వచ్చేవారు స్థానిక ర్యాలీలూ, మోటార్‌సైకిలు పందేలూ తీసి, ఆ చిత్రాలు చూపించి పెద్ద పందేలకు అనుమతి సంపాదిస్తారు.

వేగం ఇంతగా పెరిగాక కొందరు వెనక్కి చూశారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ జాషువా పాల్ 2013 నుంచి ఫార్ములా వన్ పందేల్లో శతాబ్దం నాటి గ్రాఫ్లెక్స్ కెమెరా వాడాడు. ఒక్కో చిత్రానికి ఒక్కో ఫిల్ము పలక కావడంతో, మీట నొక్కేముందు ఆలోచించక తప్పదు.

పాత చిత్రాలకు ఇప్పుడు రెండో జీవితం ఉంది. రోల్ ఏజెన్సీ గాజు నెగెటివ్‌లు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. రోజెన్‌ఫెల్డ్ కుటుంబం తీసిన దాదాపు 10 లక్షల చిత్రాలను 1984లో అమెరికాలోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం సేకరించింది. పాత పందెపు కార్లను బాగుచేసేవారు మేకుల వరుసలూ, అద్దాల ఆకారమూ, నంబరు రాసిన తీరూ చూడడానికి ఈ చిత్రాల మీదే ఆధారపడతారు. కోట్ల ధర పలికే కారు అసలుదా, నకలుదా అన్న వివాదాల్లో ఇవి సాక్ష్యాలవుతాయి. అలాంటి వేళ తేదీ, చోటు, కారు నంబరు రాసి ఉన్న మామూలు చిత్రం ఏ వివరమూ లేని గొప్ప చిత్రం కన్నా ఎక్కువ పనికొస్తుంది. అందువల్ల ఈ వృత్తిలో శీర్షిక సరిగ్గా రాయడం కూడా ఫొటో తీయడమంత ముఖ్యమైన పనిగా స్థిరపడింది.